లప్పం మాస్టారి గోడలు

మా వీధిలో ఇల్లు కొనాలనుకోవడానికి ముందు మనిషికి మతి పోవాలి. నాకు పోయింది. పదకొండేళ్ళు ఒకే ఇంట్లో అద్దెకుంటే ఎవరికైనా పోతుంది.

మేం చేరిన రోజుల్లో ఈ వీధి పేరు చెబితే టాక్సీవాళ్ళు రామనేవాళ్ళు. మా కింద ఇనుప సామాన్ల కొట్టు, పక్కన వెల్డింగ్ షాపు, ఎదురుగా రబ్బరు స్టాంపులు చేసే ముసలాయన. పొద్దున ఎనిమిదికి మొదలైన చప్పుడు సాయంత్రం ఆరైతే గానీ ఆగేది కాదు. చుట్టాలు వచ్చినా తెచ్చిన పళ్ళు చేతిలో పెట్టి, "ఇక్కడెలా ఉంటున్నారే బాబూ" అని జాలిపడి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయేవాళ్ళు.

ఇప్పుడు ఇనుప కొట్టు కాఫీ షాపయింది. వెల్డింగ్ షాపులో బొటనవేలంత మొక్కలు అమ్ముతున్నారు, ఒక్కో మొక్క మీద ఒక్కో దీపం పెట్టి మరీ. స్టాంపుల కొట్టులో రొట్టెలు అమ్ముతారు. ఆ రొట్టె కోసం జనం గంటసేపు వరసలో నిలబడతారు, నిలబడ్డామని ఫోటోలు కూడా తీసుకుంటారు. మొన్న ఒక కుక్క స్వెట్టరు వేసుకుని పోతుంటే కిటికీలోంచి చూశాను. కుట్టు బాగానే ఉంది. మెడ దగ్గర కాస్త బిగుతు.

కుట్టు సంగతి నాకు తెలుసు, నేను టైలర్ని. వీధివైపు కిటికీ దగ్గర నా మిషను ఉంటుంది. ఆ కిటికీలోంచి పొద్దుటినుంచి సాయంత్రం దాకా వెలుతురు వస్తుంది. నలభై ఆరేళ్ళు వచ్చినా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తున్నానంటే ఆ కిటికీ చలవే. నా ఖాతాదారులంతా ఈ చుట్టుపక్కలవాళ్ళే. ఈ ఇల్లు పోతే మా తాహతుకి దొరికేది బస్సు ఆఖరి స్టాపు దగ్గర. అక్కడిదాకా ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి ఎవరొస్తారు?

మా ఆయనది గోడల పని. రంగు వేయడానికి ముందు గోడ నున్నగా రావాలని తెల్లటి ముద్ద పూస్తారు చూడండి, లప్పం, అందులో ఆయన చెయ్యి తిరిగిన మనిషి. కాంట్రాక్టర్లంతా లప్పం మాస్టారు అనే పిలుస్తారు. అసలు పేరు బ్యాంకు పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడని నిమిరి, తర్వాత మనుషుల్ని పలకరిస్తారు. పెళ్ళయిన కొత్తలో మా పిన్ని ఇంటికి తీసుకెళ్తే, ఆవిడ "బాగున్నావా బాబూ" అని ఎదురొచ్చింది. ఈయన ఆవిడ భుజం మీదుగా చూస్తూ, "ఆ మూల ఉబ్బిందండీ, రేపో మాపో ఊడుతుంది" అన్నారు. పిన్ని ఇప్పటికీ ఆయన్ని చూస్తే కొంచెం దూరంగానే కూర్చుంటుంది.

కింద కాఫీ షాపు తెరిచిన వారంలో ఈయన చేసిన నిర్వాకం వీధంతా చెప్పుకున్నారు. కాఫీ షాపు కుర్రాడికి నేను గడ్డం బాబు అని పేరు పెట్టాను, గడ్డం తప్ప మొహంలో ఇంకేమీ కనబడదు కాబట్టి. వాళ్ళ గోడలకి పూత లేదు, ఇటుకలు బయటికి కనబడుతుంటాయి. ఈయన లోపలికి వెళ్ళి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "బాబూ, కాంట్రాక్టరు మధ్యలో వదిలేసి పారిపోయాడా? దిగులు పడకు, పైనే ఉంటాను, నెమ్మదిగా ఇద్దువుగాని" అన్నారు. గడ్డం బాబు నవ్వి, పూత ఉండేదని, దాన్ని చెక్కించడానికే నాలుగు రోజులు పట్టిందని, అందుకు డబ్బు కూడా బాగా అయిందని చెప్పాడు. మా ఆయన పైకి వచ్చి, అన్నం ముందు కూర్చుని, "డబ్బిచ్చి చెక్కించాడటే" అని మూడుసార్లు అన్నారు. ఆ పూట సరిగ్గా తినలేదు.

మా ఇంటిగలావిడ పెద్దాసుపత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరయ్యారు. ఊరికి ఆ చివర, పంతొమ్మిదో అంతస్తులో, తమ్ముడి కుటుంబంతో ఉంటారు. ఈ పదకొండేళ్ళలో మా మెట్లెక్కింది లేదు. అద్దె బ్యాంకులో వేస్తాం, ఏడాదికోసారి ఫోన్లో మాట్లాడుకుంటాం. ఆవిడ ఈ ఇంటిని ఎప్పుడూ ఇల్లు అనరు, "ఆ కొంప" అంటారు.

ఒక సోమవారం పొద్దున ఆవిడే ఫోన్ చేశారు. "ఆ కొంప అమ్మేస్తున్నానమ్మా. మీరు తీసుకుంటానంటే ముందు మీకే చెబుతున్నాను."

ధర చెప్పారు. నేను తప్పు విన్నానేమోనని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పారు. ఆ ధరకి మా వీధిలో ఈరోజు ఒక వంటగది కూడా రాదు. వీధి మారిన సంగతి ఆవిడకి తెలీదు. నేను చెప్పలేదు. ఆ మాట ఇప్పుడే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత ఎవరో చెబితే బాగోదు.

"అయితే మా తమ్ముడు ఊరుకోవట్లేదు," అన్నారు హెడ్‌నర్సు గారు. "బ్రోకరుని పెట్టాడు. రెండు నెలలు నలుగురికీ చూపిస్తాడట. నేనడిగిన దానికి పైన ఎవరూ రాకపోతే అది మీదే. వస్తే మాత్రం నన్ను తప్పు పట్టకండి. అయినా ఆ పెచ్చులూడిన గోడలు చూసి ఎవరొస్తార్లెండి."

మా ఆయన చెల్లెలు బ్యాంకులో అప్పులిచ్చే విభాగంలో పనిచేస్తుంది. సాయంత్రానికల్లా వచ్చి కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంది. లెక్కలయ్యాక అప్పు వస్తుందని తేల్చి, నన్ను వంటగదిలోకి లాక్కెళ్ళింది.

"వదినా, ఒక్కటే భయం. ఈ రెండు నెలలూ అన్నయ్య గోడ ముట్టుకోకూడదు. ఇల్లు ఎంత అధ్వానంగా ఉంటే మనకి అంత మంచిది."

"మీ అన్నయ్యకి చెప్పడం నావల్ల కాదు. నువ్వే చెప్పు."

"నేను చెప్తే వింటాడా? చిన్నప్పుడు నా పలకకి కూడా లప్పం పెట్టాడు."

చివరికి నేనే చెప్పాను. ఆయన గోడకేసి చూశారు. తర్వాత, "హాల్లో ఆ పగులు మాత్రం..." అన్నారు. వీల్లేదన్నాను. పనివాడి ఇల్లు కాబట్టి మా గోడలు ఏనాడూ పనికి నోచుకోలేదు. పదకొండేళ్ళుగా "వచ్చే నెల చేద్దాం" అంటూనే ఉన్నారు. చెయ్యొద్దు అనేసరికి మాత్రం చేతులు దురద పెట్టాయి. ఆ వారమే వాన పడి, హాల్లో చాపంత పెచ్చు ఊడి కింద పడింది. లోపలి ఎర్ర ఇటుకలు బయటపడ్డాయి. నేను లోపల్లోపల సంతోషించాను. ఆయన మాత్రం అన్నానికి కూర్చున్నప్పుడు అటువైపు చూడలేక కుర్చీ తిప్పుకున్నారు.

బ్రోకరు ప్రతి మాట చివరా "పక్కా" అంటాడు కాబట్టి పక్కా గారని పేరు పెట్టాను. మొదటి ఆదివారం ఒక జంటని తీసుకొచ్చాడు. ఇద్దరికీ ఒకే రకం క్రాపు, ఒకే రకం కళ్ళజోడు. నేను తయారుగానే ఉన్నాను. మాసిన బట్టలు కుప్పలు పోశాను. కుళాయి వదులు చేసి బొట్టుబొట్టుగా కారేలా పెట్టాను. తలుపు గురించి నేను ఏమీ చేయక్కర్లేదు, దాన్ని కాలితో కాస్త పైకెత్తితే గానీ పడదు, పడేటప్పుడు పెద్దగా కిర్రుమంటుంది.

జంట లోపలికి వచ్చి హాల్లో గోడ చూసి ఆగిపోయారు. అమ్మాయి అబ్బాయి చెయ్యి పట్టుకుంది.

"ఇది... ఇలాగే ఉందా? మీరు చేయించారా?" అంది.

"వానకి ఊడిందమ్మా. ఇంకా ఊడుతుంది. నిన్న నా నెత్తిన పడాల్సింది, కొద్దిలో తప్పింది," అన్నాను.

"అచ్చం ఇలాంటిదే వెతుకుతున్నాం," అన్నాడు అబ్బాయి.

నేను తగ్గలేదు. తలుపు పడదన్నాను. వేసి చూపించాను. కిర్రుమంది. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, "ఇంకోసారి వేస్తారా?" అని అడిగి, ఆ చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకున్నారు. పొద్దున్నే గొట్టాల్లోంచి మూలుగు వినిపిస్తుందన్నాను. "ఇంటికి ప్రాణం ఉందన్నమాట," అంది అమ్మాయి. మా ఆయన మూల నిలబడి వాళ్ళని డాక్టరుకి చూపించాలా వద్దా అన్నట్టు చూస్తున్నారు.

తర్వాతి ఆదివారం ఒక బట్టతలాయన వచ్చాడు, వెంట ఆ స్వెట్టరు కుక్క. ఆయన స్నానాలగదిలోకి వెళ్ళి ఎంతకీ బయటికి రాలేదు. ఏమైందోనని వెళ్ళి చూస్తే, గోడ మీద తుప్పు మరకల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈ రంగు ఎవరికీ రాదండీ," అన్నాడు.

"నీళ్ళ ట్యాంకు కారి వచ్చింది," అన్నారు మా ఆయన. పాపం, తిట్టడానికే అన్నారు.

"అదే అంటున్నాను. కాలం వేసిన రంగు."

నేను కష్టపడి పాడు చేసిందల్లా వాళ్ళు నెత్తిన పెట్టుకుంటున్నారు. నేను వంటగది నేల పగిలిందంటే ముచ్చటగా ఉందంటారు. కింద కాఫీ మర చప్పుడుకి పిచ్చెక్కుతుందంటే, వాసన కూడా వస్తుందా అని ఆశగా అడుగుతారు. పక్కా గారు కూడా వాళ్ళని చూసి నేర్చుకున్నాడు. మొదటి వారం పగులు కనబడితే దానికి అడ్డంగా నిలబడిన మనిషి, నాలుగో వారానికి టార్చి లైటు వేసి చూపించడం మొదలుపెట్టాడు. "ఈ పెచ్చు చూడండి సార్, ఇంకా ఊడుతుంది, పక్కా," అంటున్నాడు.

ఆరో వారానికి జంటా, కుక్కాయనా పోటీపడి హెడ్‌నర్సు గారు అడిగిన ధరకి సగం ఎక్కువ ఇస్తామన్నారు. పక్కా గారు మా గుమ్మంలో నిలబడి చావు కబురు చల్లగా చెప్పాడు. "నెలాఖరు శనివారం ఇద్దర్నీ మళ్ళీ తీసుకొస్తాను మేడం. ఎవరెక్కువంటే వాళ్ళకి. ఆ మర్నాడు ఇంటావిడని తీసుకొచ్చి కాగితం రాయించేస్తా. పక్కా."

మిషను ముందు కూర్చున్నాను గానీ తొక్కలేదు. ఆ కిటికీ వాళ్ళదవుతుంది. అక్కడ బొటనవేలంత మొక్క పెట్టి దానికి దీపం పెడతారు, ఎండ వస్తున్నా సరే. ఏడుద్దామనుకుంటుంటే మా ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, నా సలహా వల్లే ఇలా అయింది," అంది.

"నీ తప్పేముంది. వాళ్ళకి చిరుగులే ఇష్టం. పోయినేడాది ఒక కుర్రాడు కొత్త ప్యాంటు పొడుగు తగ్గించమని ఇచ్చాడు. చూస్తే రెండు మోకాళ్ళ దగ్గరా చిరిగి ఉంది. పాపం చూసుకోలేదేమోనని డబ్బు కూడా అడక్కుండా దారంతో అల్లి చక్కగా రఫూ చేసిచ్చాను, చిరుగెక్కడుందో కనిపెట్టలేనట్టు. వాడు విప్పి చూసుకుని నెత్తి పట్టుకున్నాడు. చిరుగులకే డబ్బిచ్చాడట. మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు."

చెబుతూ చెబుతూ ఆగిపోయాను. మళ్ళీ గుమ్మం తొక్కలేదు. నేను ఫోన్ పెట్టేసి లేచాను. మా ఆయన హాల్లో గోడకి వీపు పెట్టి పేపరు చదువుకుంటున్నారు.

"ఏమండీ. లప్పం పెట్టండి," అన్నాను.

"ఎక్కడ?"

"ఇల్లంతా. ఒక్క ఇటుక కనబడకూడదు."

ఆయన పేపరు మడిచారు. పెళ్ళిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా ఆ మొహం అంత వెలగలేదు, ఆ మాట అప్పుడే ఆయనకి చెప్పాను కూడా.

అడక్కుండా చేయకూడదు కదా, హెడ్‌నర్సు గారికి ఫోన్ చేశాను. గోడలకి కొంచెం పని చేసుకుంటాం, ఖర్చు మాదే అన్నాను. "చేయించుకోండమ్మా. వచ్చినవాళ్ళందరూ ఆ కొంపని అలా చూసి పోతున్నారంటే నాకే తల కొట్టేసినట్టుంది," అన్నారు. నాకు మనసులో ముల్లు గుచ్చుకుంది. ఆవిడకి రావలసిన డబ్బు రాకుండా చేస్తున్నానని నాకు తెలుసు. ఆవిడ నోటితో అడిగిన ధరే ఇస్తున్నాం కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకోవడంలో కూడా నా చెయ్యి తిరిగిందే.

మా ఆయన ఒప్పుకున్న పనులన్నీ పక్కన పెట్టి తొమ్మిది రోజులు ఇంట్లోనే పనిచేశారు. నేను కిటికీ దగ్గర బట్టలన్నీ దుప్పట్లో మూటగట్టి సాయానికి దిగాను. ఊడేవన్నీ ఊడగొట్టి, ఇటుకల మీద సిమెంటు పూత పూసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, లప్పం ఒక పొర, మళ్ళీ రుద్ది, మళ్ళీ పొర. బల్బు గోడకి ఆనించి పెట్టి పక్కనుంచి వెలుతురు పడేలా చూస్తారు. ఎక్కడ పల్లమున్నా నీడ తెలిసిపోతుంది. నా కంటికి ఏమీ కనబడకపోయినా, "ఇదిగో, చూడు" అంటూ మళ్ళీ పూసేవారు. నా జుట్టూ కనుబొమలూ తెల్లబడిపోయాయి. మూడో రోజు కొరియరు అబ్బాయి నన్ను చూసి, "అమ్మగారు లేరా మామ్మా?" అని అడిగాడు.

గుర్తులేనంత కాలం తర్వాత మేమిద్దరం రోజంతా ఒకే పని చేశాం. ఆయన నిచ్చెన మీద ఉండి పాత పాటలు కూనిరాగాలు తీస్తుంటే, నేను కింద లప్పం కలుపుతూ అందుకున్నాను. తలుపుకి మడతబందులు మార్చి నూనె వేశారు, ఇప్పుడది వేలితో నెట్టినా చప్పుడు లేకుండా పడుతుంది. స్నానాలగదిలో కాలం వేసిన రంగు మీద ఈయన వేసిన తెల్లరంగు చూసి నాకే ముచ్చటేసింది. వెనక గది పైకప్పు ఒక్కటే మిగిలిపోయింది. "వాళ్ళు తలెత్తి చూడరులే" అని ఆయన్ని నేనే దించాను, శనివారం వచ్చేసింది మరి.

శనివారం పక్కా గారు ముందు, జంట, కుక్కాయన, కుక్క వెనక వచ్చారు. గుమ్మంలో అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. లోపల గోడలు పాలలా మెరుస్తున్నాయి. కుక్క ఒక్కటే లోపలికి వచ్చి గోడ వాసన చూసి తుమ్మింది.

"ఏం చేశారండీ," అంది అమ్మాయి, కళ్ళనీళ్ళ పర్యంతమై.

"బాగు చేశాం తల్లీ. మీరు వచ్చి చేరితే ఇబ్బంది పడకూడదు కదా," అన్నాను.

అబ్బాయి వెళ్ళి తలుపు వేశాడు. చప్పుడు రాలేదు. మళ్ళీ తీసి మళ్ళీ వేశాడు. ఆ మొహం చూస్తే నాకే జాలేసింది. కుక్కాయన స్నానాలగదిలోకి వెళ్ళి వెంటనే బయటికొచ్చాడు.

"దీన్ని వెనక్కి తీసేయొచ్చా మాస్టారూ? చెక్కిస్తే లోపలిది అలాగే ఉంటుందా?"

మా ఆయన నిటారుగా నిలబడ్డారు. "నేను పెట్టిన లప్పం ఊడదండి. చెక్కితే ఇటుకతో సహా వస్తుంది. ఇరవై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు," అన్నారు. ఆయన వ్యాపారం మాట చెప్పారు. అవతల ఆయన మాత్రం ఉరిశిక్ష విన్నట్టు విని, కుక్కని చంకలో పెట్టుకుని దిగిపోయాడు. జంట వెళ్తూ వెళ్తూ, ఫోన్లో ఆ పాత తలుపు చప్పుడు ఇంకోసారి విన్నారు. పక్కా గారు చివరగా దిగుతూ, "ఇక మీకే మేడం," అన్నాడు. మొదటిసారి ఆ మాట చివర పక్కా లేదు.

వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, వచ్చి మా ఆయన భుజం మీద ఒక్కటి చరిచాను. మా ఆడపడుచు ఫోన్లో కేక పెట్టింది. ఆ రోజు గడ్డం బాబు దగ్గర రెండు కాఫీలు కొనుక్కుని తాగాం, డబ్బు పోతే పోయిందని.

ఆదివారం పది గంటలకి కాగితం రాయడానికి హెడ్‌నర్సు గారు వచ్చారు. పొట్టి మనిషి, జుట్టంతా తెలుపు, చేతిలో కర్ర. మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, గుమ్మంలో పక్కా గారి చెయ్యి వదిలించుకుని, లోపలికి వచ్చి నిలబడ్డారు. మేమిద్దరం నమస్కారం పెట్టాం. ఆవిడ మమ్మల్ని చూడలేదు. వెళ్ళి గోడ మీద అరచెయ్యి పెట్టి, ఆ చెయ్యి తీయకుండా హాలు చివరిదాకా నడిచారు. అలా ఇల్లంతా తిరిగారు. వెనక గదిలోకి వెళ్ళాక మాత్రం చాలాసేపు రాలేదు. మేం వెళ్ళేసరికి పైకి చూస్తూ నిలబడ్డారు.

"అది మిగిలిపోయిందమ్మా," అన్నారు మా ఆయన, తప్పు చేసినవాడిలా.

"మా అమ్మ ఈ గదిలోనే ఆరేళ్ళు మంచంలో ఉంది," అన్నారావిడ. "పైనుంచి సున్నం రాలి మొహం మీద పడేది. ఆస్పత్రిలో అందరికీ తెల్ల దుప్పట్లు మార్చి ఇంటికొచ్చి, మా అమ్మ కళ్ళల్లో సున్నం తుడిచేదాన్ని. బాగు చేయించాలంటే ఆవిణ్ణి ఎక్కడికి కదపను? రేపు, ఎల్లుండి అంటూనే పోయింది. అప్పుడే ఈ కొంప వదిలేశాను. మళ్ళీ చూడాలనిపించలేదు."

ఆవిడ హాల్లోకి వచ్చి, నా మిషను ముందున్న కుర్చీలో కూర్చుని, ఆ కిటికీలోంచి వీధి చూశారు.

"ఇంత బాగుంటుందనుకోలేదమ్మా," అన్నారు. "ఈ ఇల్లు అమ్మను."

పక్కా గారు తెచ్చిన కాగితాలు మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. ఇల్లు అన్నారావిడ. పదకొండేళ్ళలో మొదటిసారి. కొనడానికి వచ్చినవాళ్ళందరినీ తరిమేశాం, ఇంటావిడే దాన్ని ఇష్టపడుతుందని నాకు తట్టలేదు.

"నేనే వచ్చి ఉంటాను. మీకు మూడు నెలలు టైమిస్తాను. మాస్టారికి పని ఖర్చంతా ఇచ్చేస్తాను, కూలితో సహా. కలిసుందామని మాత్రం అనను. పంతొమ్మిదో అంతస్తులో కలిసుండి చూశాను." కర్ర ఆనించి లేచి, నా చెయ్యి పట్టుకున్నారు. "నన్ను తిట్టుకుంటావమ్మా. తిట్టుకో."

తిట్టుకుందామనే చూశాను. కానీ ఆవిడకి వీధి ధర చెప్పకుండా దాచిన నోరు నాది. ఆ నోటితో ఏమని తిట్టను? తలూపాను. పక్కన మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఏదో ఒకటి అడుగుతారని ఆశపడ్డాను, కనీసం ఆర్నెల్లు గడువు.

"అమ్మా, మంచం ఆ గదిలోనే వేసుకుంటారా?" అని అడిగారు.

"ఆ గదిలోనే," అన్నారావిడ.

నేను ఆయనతో మూడు రోజులు మాట్లాడలేదు. అంతకుముందు పోట్లాడి మాట్లాడకపోవడం వేరు, ఇది వేరు. కంచం ముందు పెట్టి వెళ్ళిపోయేదాన్ని. నాలుగో రోజు మా ఆడపడుచుతో కలిసి బస్సు ఆఖరి స్టాపు దగ్గర రెండు ఇళ్ళు చూసి వచ్చాను. రెండింటిలోనూ కిటికీ తెరిస్తే ఎదురింటి గోడే. బస్సులో తిరిగొచ్చేటప్పుడు నాలుగు సీట్ల అవతలివాళ్ళు కూడా చూసేలా ఏడ్చాను. మేముంటున్న ఆ ఇల్లు నాది కావాలనుకున్నాను. అంతగా ఇంకేదీ ఎప్పుడూ కావాలనుకోలేదు.

ఇంటికొచ్చేసరికి వెనక గదిలో నిచ్చెన వేసి ఉంది. మా ఆయన పైకప్పుకి లప్పం పెడుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఖాళీ చేసే కొంపకి ఇంకా ఎందుకండీ ఈ చాకిరీ? ఆవిడ డబ్బిస్తానన్నారని ఇంకొంచెం లాగుదామనా?"

"దీనికి తీసుకోను," అన్నారు, చెయ్యి ఆపకుండా. "పడుకున్న మనిషికి ఎదురుగా కనబడే గోడ ఇదే కదే."

నేను సంచీ కింద పెట్టాను. ఇలాంటి మనిషి చేత నేను దొంగపని చేయించాను. ఆయన దాన్ని పనిలాగే చేశారు. అందుకే ఆవిడ ఇల్లు ఆవిడకి దొరికింది, మాది పోయింది. కోపం ఎక్కడికి పోయిందో వెతుక్కున్నాను, దొరకలేదు. ఈ మనిషి మీద నాకున్నంత ఇష్టం ఆ కిటికీ మీద కూడా లేదని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది కూడా.

ఆవిడ మంచం ఎక్కడ వేసుకుంటారో చూసి, ఆ చోట నేల మీద పాత దుప్పటి పరిచి వెల్లకిలా పడుకున్నాను. ఆయన నిచ్చెన మీంచి కిందికి చూశారు.

"ఏమైందే?"

"కాస్త పక్కకి జరగండి, కనబడట్లేదు."

జరిగారు. నేను పైకప్పు మొత్తం ఆ చివరనుంచి ఈ చివర దాకా చూశాను.

"తలవైపు మూల కొంచెం గరుగ్గా ఉంది," అన్నాను.

ఆయన నిచ్చెన దిగి వచ్చి, నా పక్కన పడుకుని చూశారు. "నిజమే," అని లేచి, నిచ్చెన ఆ మూలకి జరుపుకుని మళ్ళీ ఎక్కారు.